ఇంటి ముందు మెట్లు విడిపోయి కుంగాయి: సందు పూడ్చాలా, పగలగొట్టి కట్టాలా?

మీరు అడిగింది ఇదీ: రేణిగుంట రోడ్డు వైపు, ఒకప్పటి చెరువు కింద పొలాల్లో వేసిన లేఅవుట్లో ఇల్లు కట్టి నాలుగేళ్లయింది. ముందున్న నాలుగు మెట్లు వరండా నుంచి విడిపోయి వేలు దూరేంత సందు వచ్చింది, ఎడమ పక్క కుంగింది. మేస్త్రీ ఆ సందులో సిమెంటు కొట్టి, పైన గ్రానైటు పరిచేద్దామంటున్నాడు. అలా చేయించాలా, పగలగొట్టి కొత్తగా కట్టాలా? అమ్మగారికి మోకాళ్ల నొప్పులని కూడా రాశారు.

గ్రానైటు మాట ఇప్పుడే వద్దండీ. సందులో సిమెంటు అసలే వద్దు. పగలగొట్టాలా వద్దా అన్నది మాత్రం ఈ రోజే తేల్చాల్సిన పని కాదు. నేను తిరుపతి, చంద్రగిరి, శ్రీకాళహస్తి చుట్టుపక్కల చిన్న చిన్న ఇళ్ల పనులు చేయిస్తుంటాను. శ్రీకాళహస్తి దగ్గర మా మామగారి ఇంట్లో కూడా సరిగ్గా ఇదే వచ్చింది, అక్కడి మెట్లు నేనే దగ్గరుండి మార్పించాను. అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తున్నా.

మీ ఇంటి పిల్లర్లు ఐదారు అడుగుల లోతులో గట్టి నేల మీద నిలబడి ఉంటాయి. మెట్లు అలా కాదు. పునాది గుంతలు తవ్వి తీసిన మట్టినే తిరిగి పోసి, పైపైన నీళ్లు చల్లి, దాని మీద అటొక ఇటుక గోడ ఇటొక ఇటుక గోడ లేపి, మధ్యలో విరిగిన ఇటుకలు, ప్లాస్టరింగు రద్దు, అంటే రాలిన పెళ్లల చెత్త, నింపి మెట్లు కట్టేస్తారు. ఇల్లంతా అయిపోయాక చివరి వారంలో జరిగే పని కాబట్టి డబ్బూ ఓపికా రెండూ అడుగంటి ఉంటాయి. అలా ఇల్లు కదలదు, మెట్లు కదులుతాయి. ఆ రెంటినీ పైన ప్లాస్టరింగుతో అతికిస్తే పగిలేది ఆ అతుకే. నా లెక్కలో మీ సమస్య మొత్తం ఇదే: మెట్లు ఇంటికి పుట్టినవైనా కావాలి, ఇంటితో ఏ సంబంధం లేనివైనా కావాలి. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన మెట్లు బంకమట్టిలో నిలవవు.

చిత్తూరు వైపు ఎక్కువగా ఎర్రనేలలే కాబట్టి మన మేస్త్రీలకు ఈ బెడద అంతగా అలవాటు లేదు. ఎర్రనేల మీద ఏం చేసినా నడిచిపోతుంది. చెరువు కింద ఆయకట్టు, పాత చెరువు కడుపు, నల్లరేగడి ముక్కలు వచ్చిన చోటే చిక్కు. ఈ మట్టిలో మాంట్‌మొరిల్లనైట్ అనే ఖనిజం ఉంటే అది పొరల మధ్యకు నీళ్లు లాక్కుని ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలు బారుతుంది. మే నెలలో మీ ఖాళీ స్థలంలో చెయ్యి దూరేంత నెర్రెలు కనిపిస్తున్నాయా? కనిపిస్తే వేరే పరీక్షే అక్కర్లేదు.

అనుమానంగా ఉంటే ఒక తేలిక పద్ధతి ఉంది. రెండడుగుల లోతు నుంచి మట్టి తీసి, ఆరబెట్టి, దంచి, సన్న జల్లెడ పట్టండి. పదేసి గ్రాములు కొలత గీతలున్న రెండు గాజు గొట్టాల్లో పోసి, ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్ 100 మిల్లీలీటర్ల దాకా నింపి, కలిపి, ఒక రోజంతా వదిలేయండి. కిరోసిన్‌లో ఈ మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. కిరోసిన్‌లో 10 గీత దగ్గర ఆగిన మట్టి నీళ్లలో 15 గీత దాటిందంటే 50 శాతం పైన ఉబ్బినట్టు. అలాంటి మట్టితో జాగ్రత్తగానే ఉండాలి. సివిల్ ల్యాబ్ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీలో ఎవరైనా తెలిసుంటే ఇదే పరీక్ష పద్ధతిగా చేసిపెడతారు.

ఇక పగలగొట్టే ముందు చేయాల్సిన పని. సందుకు అడ్డంగా ఒక సన్నటి అద్దం ముక్కను రెండు చివరలా ఎపాక్సీతో అతికించండి, పక్కనే తేదీ రాయండి. అద్దం పగిలితే కదలిక ఇంకా ఉన్నట్టు. దాంతోపాటు నెలకోసారి సందు వెడల్పును స్కేలుతో కొలిచి రాసుకోండి. మే నెలలో పెరిగి, నవంబరు డిసెంబరు వానల్లో తగ్గుతోందంటే అది మట్టి ఉబ్బి ముడుచుకునే ఆట, ఏటా ఉంటుంది. అలా కాక ఒకే వైపు పెరుగుతూ పోతుంటే పోసిన మట్టి ఇంకా కుదురుకుంటోందని అర్థం. మొదటిదైతే కొత్త మెట్లు కదలికను తట్టుకునేలా కట్టాలి. రెండోదైతే ఆ వదులు మట్టినే తీసేయాలి. మీరు చెప్పినదాన్ని బట్టి మీ దగ్గర రెండూ ఉండొచ్చు, ఎందుకంటే ఒక్క ఎడమ పక్కే కుంగింది.

ఆ ఎడమ పక్కన ఏముందో చూడండి. నేను చూసిన ఇళ్లలో చాలావాటికి జవాబు అక్కడే దొరికింది. మేడ మీది వాన నీటి గొట్టం మెట్ల పక్కనే దిగుతుంది. లేదా ఏసీ నీళ్లు, ఆర్వో ఫిల్టరు వదిలేసే నీళ్లు అక్కడే కారుతుంటాయి. సంపు పొంగి పారేదీ అటే. ఇంకొకటి, మనం రోజూ పొద్దున్నే వరండా, మెట్లు కడిగి ముగ్గేస్తాం. ఆ నీళ్లన్నీ ఆ సందులోంచే కిందికి పోతాయి. ముగ్గు మానేయమని ఎవరూ అనరు, నేనూ అనను, మా ఇంట్లో ఆ మాటంటే నాకు కాఫీ రాదు. నీళ్లు బయటికి జారేలా వాలు ఉంటే చాలు. అటు వేపచెట్టో బాదంచెట్టో ఉంటే అది ఎండాకాలంలో మట్టిలోని తడి పీల్చి ఇంకా కుంగదీస్తుంది. చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో అంత దూరంలో ఉండాలని ఒక మోటు లెక్క చెబుతారు, తిరుపతి ప్లాట్లలో అది ఎవరికీ కుదిరే పని కాదు. మామగారి ఇంట్లో మెట్లు ముట్టుకోకముందే వాన గొట్టాన్ని పది అడుగులు అవతలికి తిప్పించాం. సగం కదలిక దాంతోనే ఆగింది.

2021 నవంబరు వరదల్లో తిరుపతి ఎమ్మార్‌పల్లి దగ్గర శ్రీకృష్ణా నగర్లో ఒక ఇంటి సిమెంటు ఒరల సంపు భూమిలోంచి పైకి లేచిన వీడియో మీరూ చూసే ఉంటారు. చాలామంది దాన్ని చూపించి బంకమట్టి ఉబ్బడం అంటే ఇదే అంటున్నారు. కాదు. అది నేలలో నిండిన నీటి ఒత్తిడి ఖాళీ సంపును పైకి తేల్చడం. మెట్ల కింద జరిగేది వేరు, అంగుళం అరంగుళం లెక్కలో, సీజను సీజనుకు.

సరే, మళ్లీ కట్టాలని తేలిందనుకుందాం. నాలుగు మెట్లకైతే విడిగా కట్టడమే నా సలహా. ఎత్తు బాగా ఎక్కువై, కింద కారు పార్కింగు పెట్టి ఎనిమిది పది మెట్లు ఎక్కే ఇల్లయితే అప్పుడు ప్లింత్ బీముకు, అంటే గోడల అడుగున పిల్లర్లను కలిపే కాంక్రీటు దూలానికి, కమ్మీలు కట్టి వేలాడే స్లాబులా దించాలి, కింద చివర దానికి లోతైన పునాది ఇవ్వాలి, స్లాబుకూ నేలకూ మధ్య ఖాళీ వదలాలి. రేగడి నేలల్లో ప్లింత్ బీముల కింద 80 ఎం.ఎం. ఖాళీ వదలడం ఇంజినీర్లకు తెలిసిన పద్ధతే, మట్టి ఉబ్బినా బీమును తాకకూడదని. పాత బీములో రంధ్రాలు వేసి కెమికల్‌తో కమ్మీలు నాటే పని ఇంజినీరు కాగితం మీద గీసి ఇవ్వకుండా చేయించొద్దు.

మీ నాలుగు మెట్ల సంగతి. బ్రేకరుతో కొట్టేటప్పుడు వరండా అంచును ముందు కట్టర్‌తో గీత కోయించండి, లేకపోతే అదురుకు వరండా టైల్సూ లేస్తాయి. మెట్ల కింద రెండున్నర అడుగుల లోతు, చుట్టూ అడుగు ఎక్కువ తవ్వి ఆ మట్టిని బయటికి పంపేయండి. పక్కనే కాంపౌండు గోడ ఉంటే దాని పునాది చూసుకుని తవ్వాలి, అవి సాధారణంగా పైపైనే ఉంటాయి. కొత్తగా గరుసు, అంటే మనవాళ్లు గ్రావెల్ అనే ఎర్రమట్టి, 6 అంగుళాల పొరలుగా పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కాక ప్లేటు కంపాక్టరు అద్దెకు తెచ్చి దట్టించండి. ఇక్కడ చాలామంది ఇసుక పోయమంటారు. బంకమట్టి గుంతలో ఇసుక పోస్తే వాన నీళ్లన్నీ ఆ ఇసుకలో చేరి నిలిచిపోతాయి, చుట్టూ ఉన్న మట్టికి నెమ్మదిగా తాగిస్తాయి. కాస్త జిగురున్న గరుసే మంచిది. గ్రావెల్ దొరక్క పాత మట్టే వాడాల్సి వస్తే బరువులో 4, 5 శాతం సున్నం బాగా కలిపి వాడితే ఉబ్బు తగ్గుతుంది, కానీ గడ్డలు లేకుండా కలపడం నరకం.

దాని మీద 4 అంగుళాల బెడ్ కాంక్రీటు, అంటే కమ్మీలు లేని అడుగు పొర. ఆపైన 6 అంగుళాల స్లాబు, 8 ఎం.ఎం. కమ్మీలు రెండు వైపులా 6 అంగుళాలకొకటి, కమ్మీ కింద 50 ఎం.ఎం. కవర్, అంటే అంత మందాన కాంక్రీటు, ఉండాలి. మెట్లు ఆ స్లాబుతో కలిపి ఒకే దిమ్మగా పోయించండి. విడి ఇటుక గోడలు, మధ్యలో రద్దు వద్దు. అంతా ఒకే ముక్క అయితే కదిలినా మొత్తం కలిసి కదులుతుంది, పగలదు. కాంక్రీటు 1:1.5:3 (సిమెంటు, ఇసుక, జల్లి), జల్లి 20 ఎం.ఎం. బస్తాకు 30 లీటర్లకు మించి నీళ్లు పోయనివ్వకండి. కూలీలు పలచన చేసుకుంటే వాళ్లకు సుఖం, మీకు బీటలు.

వరండాకూ ఈ దిమ్మకూ మధ్య అరంగుళం థర్మోకోల్ షీటు పెట్టి పోయించి, ఎండాక పైభాగం తీసి పాలియురెథేన్ సీలెంటు కొట్టించాలి. అది సాగుతుంది, సిమెంటు సాగదు. ఒక్క కమ్మీ కూడా వరండాలోకి పోకూడదు. పై మెట్టును వరండాతో సమానంగా తేవద్దు, ఒక మెట్టు ఎత్తు కిందే ఆపండి. అప్పుడు దిమ్మ పావంగుళం లేచినా, దిగినా కంటికీ కాలికీ తెలియదు, నీళ్లు వరండా మీదికి రావు. ప్రతి మెట్టుకూ బయటి వైపు అడుగుకు పావంగుళం వాలు. మెట్ల రెండు పక్కలా మూడడుగుల వెడల్పున నేలను కూడా బయటికి వాలుగా కాంక్రీటు చేయించండి.

నిజానికి ఈ మట్టిలో అన్నిటికంటే తెలివైనవి మన పాత ఇళ్ల రాతి మెట్లు. తిన్నె ముందు పొడుగాటి బండలు ఒకదాని మీద ఒకటి పెట్టి వదిలేసేవాళ్లు. ఒక పక్క దిగితే గడ్డపారతో లేపి, కింద గరుసు కుక్కి మళ్లీ దించేవాళ్లు. మనకు గ్రానైటుకు కరువు లేదు, కుప్పం దాకా క్వారీలే. గేటు లోపల చోటుంటే, రూపం నచ్చితే, ఇది ఆలోచించండి. కాంక్రీటు మీద గ్రానైటే కావాలంటే ఒక సీజను వానలు, ఒక ఎండాకాలం గడిచాక వేయించుకోండి. పాలిష్ రాయి వద్దు, వానలో జారుతుంది. గరుకుగా ఉండే ఫ్లేమ్డ్ లేదా లెదర్ ఫినిష్ అడగండి.

ఎప్పుడు చేయించాలి? సంక్రాంతి తర్వాత, ఉగాది లోపు. డిసెంబరులో మట్టి ఉబ్బి ఉంటుంది, అప్పుడు కడితే మేలో కిందికి దిగుతుంది. మేలో కడితే నవంబరులో లేస్తుంది. క్యూరింగు పది రోజులు తగ్గకూడదు, కానీ పైపు వదిలేసి గుంత నింపొద్దు, తడి గోనె సంచులు కప్పండి.

ఒక మాట పనిలో పని. దిమ్మను గేటు దాటి కాలువ మీదికి తేవద్దు. కార్పొరేషన్ వాళ్లు కాలువ పని పెట్టినప్పుడు మొదట పోయేది అదే. కొత్త సీసీ రోడ్డు పడితే ఎత్తు పెరిగి కింది మెట్టు సగం మునుగుతుంది కాబట్టి, రోడ్డు ఇంకా వేయని వీధి అయితే ఆ లెక్క ముందే చూసుకోండి. వాస్తుకు బేసి సంఖ్య అంటారు. మీరు ఎలాగూ నాలుగు పగలగొడుతున్నారు, ఐదు చేసుకుంటే అమ్మగారికీ మేలే. మొత్తం ఎత్తును ఐదుతో భాగిస్తే, వరండా ఎక్కే చివరి అడుగుతో కలిపి, ఒక్కోటి 5 నుంచి 6 అంగుళాల్లో వచ్చేలా చూడండి. కాలు పెట్టే వెడల్పు 12 అంగుళాలు. అన్నీ ఒకే ఎత్తు ఉండాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు తడబడేది ఒక్క మెట్టు ఎత్తు మారినప్పుడే.

పట్టుకోవడానికి స్టీలు పైపు తప్పకుండా పెట్టించండి. దాని కాళ్లన్నీ మెట్ల దిమ్మలోనే దిగాలి. వెల్డింగు అతను ఒక చివర వరండా పిల్లరుకు బిగిస్తే గట్టిగా ఉంటుందంటాడు, ఒప్పుకోవద్దు. దిమ్మ కదిలిన మొదటి వానాకాలంలోనే ఆ పైపు పిల్లరు ప్లాస్టరింగును పెకలిస్తుంది.