16 లక్షల బీఎండబ్ల్యూ: ఆదివారం టోకెన్ ఇవ్వకండి

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. వయసు 33. జీతం నెలకు 1.10 లక్షలు చేతికి వస్తుంది. ఇంటి లోను ఈఎంఐ 38 వేలు. మూడేళ్ళ పాప ఉంది. బ్యాంకులో 7 లక్షలు దాచాను. ఢిల్లీ రిజిస్ట్రేషన్ ఉన్న 2017 మోడల్ బీఎండబ్ల్యూ 320డి 16 లక్షలకు ఇస్తామంటున్నారు. 6 లక్షలు కట్టి, మిగతా 10 లక్షలు 13 శాతం వడ్డీకి 5 ఏళ్ళ లోను తీసుకుందామనుకుంటున్నాను. ఆఫీసు 9 కిలోమీటర్లు. ఆదివారంలోగా టోకెన్ అడ్వాన్స్ అడుగుతున్నారు. కొనొచ్చా?

జవాబు: ఇప్పుడు వద్దు. ఆ కారు మీద మనసు పడటంలో తప్పేమీ లేదు. నా బెంగంతా కారు ఇంటికొచ్చాక మీ ఖాతాలో మిగిలే ఆ ఒక్క లక్ష గురించే.

లోను ఈఎంఐ సుమారు 22,750 పడుతుంది. 5 ఏళ్ళలో కట్టేది 13.65 లక్షలు, అందులో వడ్డీయే 3.65 లక్షలు. ఇంటి ఈఎంఐ కలిపితే నెలకు 60,750 పోతుంది, జీతంలో సగానికి పైగా. మిగిలే 49 వేలతోనే ఇల్లు గడవాలి, పాప ఫీజు కట్టాలి, కారునూ పోషించాలి.

ఆ పోషణే అసలు సంగతి. కొత్తగా 40 లక్షల పైచిలుకు పలికిన కారు ఇవాళ 16 లక్షలకు దిగింది గానీ, దాని ఇంజెక్టరు, టర్బో, హెడ్‌లైటు ఇంకా 40 లక్షల కారువే. ఈ డీజిల్ ఇంజిన్‌లో వాల్వులు వేళకు తెరుచుకుని మూసుకునేలా చేసే టైమింగ్ చైను వెనకాల, గేర్‌బాక్సు వైపు ఉంటుంది. దాన్ని మార్చాలంటే ఇంజినో గేర్‌బాక్సో దించాల్సిందే. చైను ఖరీదు ఒక ఎత్తయితే లేబర్ మరో ఎత్తు. చాలా బీఎండబ్ల్యూల్లో స్టెప్నీ ఉండదు, గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లుంటాయి. అవి మామూలు టైర్ల ధరకు రావు. ఏ రిపేరూ రాని ఏడాదిలో కూడా సర్వీసుకు, ఇన్సూరెన్సుకు, టైర్లకు నెలకు 8 వేలు పక్కన పెట్టమంటాను, డీజిల్ ఖర్చు కాకుండా. పెద్ద రిపేరు వస్తే తట్టుకోవడానికి ఇంకో 3 లక్షలు విడిగా ఉండాలి. మీ లెక్కలో ఆ 3 లక్షలు ఎక్కడా లేవు.

పైగా మీ ఆఫీసు 9 కిలోమీటర్లే. పొగలోని మసిని పట్టే ఫిల్టరు (డీపీఎఫ్) ఉన్న డీజిల్ కారును రోజూ ట్రాఫిక్‌లో కొద్ది దూరాలే తిప్పితే, ఆ మసి కాలిపోయేంత వేడి పుట్టక ఫిల్టరు పూడుకుపోతుంది. హైవే మీద రోజూ తిరిగేవాళ్ళ బండి అది.

ఢిల్లీ బండి చవగ్గా దొరకడానికి కారణం ఉంది. పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళు అక్కడ తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. తర్వాత సడలింపులు వచ్చినా అమ్మేవాళ్ళ భయం ధరలో కనిపిస్తుంది. ఇక్కడికి తెచ్చాక ఢిల్లీ రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రంతో (ఎన్‌ఓసీ) మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించి, తెలంగాణ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. దాన్ని మీరిచ్చే 16 లక్షల మీద కాక, కారు అసలు ధరను, వయసును బట్టి లెక్కేస్తారు. ఆ మొత్తం ఎంతో ఆర్టీఏలో అడగకుండా ఎవరితోనూ బేరమాడకండి.

నేను చెప్పే దారి ఇది. కారు కొన్నట్టే అనుకుని, వచ్చే నెల నుంచి 30 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఈఎంఐకి పోషణ కలిపితే దాదాపు అంతే అవుతుంది. 20 నెలలకు అసలే 6 లక్షలవుతుంది. మధ్యలో ఏ నెలైనా కట్టడానికి ఇబ్బంది పడ్డారంటే, ఆ ఈఎంఐ మీకు మోయలేని బరువని అప్పు చేయకముందే తెలిసిపోతుంది. ఇప్పుడున్న 7 లక్షల్లో 4 లక్షలు ఇంటి అత్యవసరానికి వదిలేయండి, వాటిని కారు కోసం ముట్టుకోవద్దు. మిగిలిన 3 లక్షలు కలిపితే 9 లక్షలు చేతిలో ఉంటాయి. ఆ సొమ్ములో అప్పు లేకుండా వాడిన ఫోక్స్‌వ్యాగన్ పెట్రోలు కారు చూడండి. అదీ జర్మన్ కంపెనీయే, పుణె దగ్గర చకన్‌లో తయారైనది. 1.0 టీఎస్ఐ (టర్బో పెట్రోలు) ఇంజిన్, మాన్యువల్ గేరు లేదా టార్క్ కన్వర్టర్ రకం ఆటోమేటిక్ అయితే మంచిది. రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ అయిన ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ జోలికి మాత్రం వెళ్ళకండి, గేర్లు మార్చే దాని మెకట్రానిక్స్ యూనిట్ పోతే ఖర్చు పెద్దది.

ఏ కారు చూసినా చాసిస్ నంబరుతో కంపెనీ సర్వీసు సెంటరులో రికార్డు తీయించండి. మీటరు తిప్పారో లేదో అక్కడ తేలుతుంది. కార్పెట్ ఎత్తి, సీటు పట్టాల కింద తుప్పు, బురద ఉన్నాయేమో చూడండి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో విజయవాడలో ఎన్ని కార్లు నీట మునిగాయో మనకు తెలుసు. ఇన్సూరెన్సు క్లెయిము చేయనందుకు పాత యజమానికి దక్కే తగ్గింపు (నో క్లెయిమ్ బోనస్) మీకు రాదు, కాబట్టి ప్రీమియం మీ పేరు మీదే లెక్క వేయించుకోండి.