సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం దిగి, రాత్రి 10కి రైలెక్కాలి: ఏం చూడొచ్చు?

రైలు లేటై మధ్యాహ్నానికి చేరుతున్నామని, పిల్లలతో ఏం చూడొచ్చని అడిగారు కదా. రైలు లేటవడం కన్నా మీరు ముందు వేసుకున్న లిస్టే మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. లిస్టులోని గోల్కొండ, ఫిల్మ్ సిటీ, చార్మినార్ మూడూ మూడు దిక్కుల్లో ఉన్నాయి. ఫిల్మ్ సిటీకి రోజంతా కావాలి, వదిలేయండి. గోల్కొండ కూడా ఈసారికి వద్దు. పిల్లలతో ఎండలో ఆ కోట మెట్లు ఎక్కించకండి.

1. ముందు టికెట్‌లో తిరుగు రైలు ఎక్కే స్టేషన్ చూడండి. చాలామంది ఇక్కడే పొరపడతారు. సికింద్రాబాద్, కాచిగూడ, నాంపల్లి, చర్లపల్లి వేర్వేరు స్టేషన్లు. కొన్ని రైళ్లను చర్లపల్లికి మార్చారు కూడా. కాచిగూడ అయితే లగేజీ ముందే అక్కడికి తీసుకెళ్లండి. మిగతా వాటికి సికింద్రాబాద్ క్లోక్‌రూమ్ చాలు. బ్యాగులకు తాళం లేకపోతే తీసుకోరు, టికెట్ కూడా చూపించాలి.

2. సికింద్రాబాద్ వెస్ట్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండా ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్)లో దిగొచ్చు. అక్కడి నుంచి సాలార్‌జంగ్ మ్యూజియంకు ఆటో.

3. మ్యూజియం సాయంత్రం 5కి మూసేస్తారు, టికెట్లు అంతకుముందే ఆపేస్తారు. అందుకే చార్మినార్ కన్నా ముందు ఇదే. గంట కొట్టే వేళకు మ్యూజికల్ క్లాక్ దగ్గర ఉండండి, పిల్లలకు చాలా నచ్చుతుంది. శుక్రవారం మాత్రం సెలవు.

4. తర్వాత చార్మినార్, పక్కనే గాజుల లాడ్ బజార్. దీపాలు వెలిగాకే అక్కడ అసలు అందం. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ వదలకండి.

5. రాత్రి 8కి బయల్దేరండి. చర్లపల్లి అయితే 7కే.