నెలసరికి ముందు వారం

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

నెలసరి దగ్గరపడితే రొమ్ములు సలుపుతున్నాయని, పొట్ట ఉబ్బుతోందని, అయినదానికీ కానిదానికీ ఏడుపు వస్తోందని మీ అమ్మ చెప్పింది. హాస్టల్లో ఎవరికీ చెప్పుకోకుండా పళ్ళబిగువున భరిస్తున్నావట. మొండిగా తయారయ్యావని ఎవరైనా అంటే పట్టించుకోకు. అండం విడుదలయ్యాక పెరిగే హార్మోన్లు నెలసరికి కొద్ది రోజుల ముందు పడిపోతాయి. ఆ మార్పును కొందరి ఒళ్ళూ మనసూ తట్టుకోలేవు.

ముందు గోడ క్యాలెండర్ మీద నెలసరి వచ్చిన తేదీకి సున్నా చుట్టు. చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ఏ రోజున ఉంటే ఆ రోజున పొడి అక్షరాల్లో రాసుకో. రెండు నెలలు రాస్తే నీ వరస నీకే తెలుస్తుంది. నెలసరి మొదలయ్యాక ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంటే అది నెలసరికి ముందు వచ్చే ఈ బాధే. నెలంతా అలాగే ఉంటే కారణం వేరే ఉండవచ్చు, డాక్టరుకు చూపించుకోవాలి.

ఇక ఆసనాల సంగతి. నా దగ్గర నేర్చుకునే ఆడపిల్లలు చాలామంది మామూలు రోజుల్లో చాప పరవరు. ఒళ్ళు బరువెక్కిన రోజున మాత్రం పట్టుబట్టి సూర్యనమస్కారాలు చేసి నీరసపడతారు. నువ్వు అలా చేయవద్దు. నెలంతా రోజూ కాసేపు చెయ్యి. ఆ చివరి వారంలో వేగం తగ్గించి, పడుకుని చేసేవాటికి మారు. పొట్టను కుదుపుతూ ఊపిరిని వేగంగా వదిలే కపాలభాతి, పొట్టను గట్టిగా లాగే క్రియలు అప్పుడు పక్కన పెట్టు.

సుప్త బద్ధకోణాసనం ఒక్కటి శ్రద్ధగా నేర్చుకో. పొడుగు దిండును నిలువుగా వేసి, నడుము దాని అంచుకు ఆనేలా వెల్లకిలా పడుకో. తల కింద మడిచిన దుప్పటి పెట్టు, గడ్డం పైకి లేవకూడదు. అరికాళ్ళు కలిపి మోకాళ్ళను పక్కలకు వదులు. అవి నేలకు తగలాలని నొక్కవద్దు, చెరో దిండు ఆసరా ఇవ్వు. తొడల లోపలి వైపు లాగుతున్నంతసేపూ పొత్తికడుపు బిగుసుకునే ఉంటుంది. ఆసరా దొరికితే ఆ బిగువు వదిలిపోవడం నీకే తెలుస్తుంది. చేయి పొట్ట మీద వేసుకుని నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చు, ఆరు లెక్కపెడుతూ వదులు. వదిలే ఊపిరి పొడుగైతే గుండె వేగం నెమ్మదిస్తుంది. పది నిమిషాలు చాలు.

నడుము నొప్పికి మార్జాలాసనం మంచిది, అంటే చేతులూ మోకాళ్ళ మీద నిలిచి పిల్లిలా వీపును పైకీ కిందికీ వంచడం. తరువాత మడమల మీద కూర్చుని ముందుకు వంగే శశాంకాసనంలో నుదురు దిండు మీద ఆనించు. రొమ్ములు నొప్పిగా ఉంటే మోకాళ్ళు ఎడంగా ఉంచి, ఛాతీ కింద ఇంకో దిండు వేసుకో.

నిద్ర పట్టని రాత్రి అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జాకబ్సన్ చెప్పిన పద్ధతి పాటించు. పాదాలను ఐదు సెకన్లు బిగించి ఒక్కసారిగా వదిలెయ్. తరువాత పిక్కలు, తొడలు, పిడికిళ్ళు, భుజాలు, చివరికి దవడ. కోపమంతా దవడలోనే దాచుకుంటాం మనం, దాన్ని మరిచిపోకు.

ఆ వారం ఆవకాయ, అప్పడాలు తగ్గించు. ఉప్పు ఒంట్లో నీరు నిలుపుతుంది. గుంటూరు పిల్లకు కష్టమే, అయినా తప్పదు. సాయంత్రం కాఫీ మానెయ్. బెజవాడ ఎండ ముదరకముందే అరగంట నడువు.

ఉద్యోగానికి వెళ్ళలేనంత దిగులు కమ్ముకుంటే ఆసనాలతో కాలయాపన చేయకు, డాక్టరు దగ్గరకు వెళ్ళు. దీనికి మంచి మందులున్నాయి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అర్ధరాత్రయినా సరే, నాకు ఫోను చెయ్యి. మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోను సాయం టెలీ మానస్ 14416 కూడా ఉంది.

పొడుగు దిండు లేకపోతే రెండు దుప్పట్లు కలిపి గట్టిగా చుట్టి తాడు కట్టు. వచ్చే ఆదివారం రైలెక్కి రా, పక్కన కూర్చుని చేయిస్తాను.

ఇట్లు
మీ పెద్దమ్మ