‘చెప్పుకోదగ్గ విశేషాలు లేవు’ అన్న నీ వాక్యం గురించి

అమ్మాయికి ఆశీస్సులు.

పోర్చుగల్‌లోని బెల్మోంతె ఊరి చరిత్ర అని నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష హాయిగా ఉంది. కానీ ఆరో పేజీలో ‘ఆ తర్వాత నాలుగు వందల ఏళ్లు ఊళ్లో చెప్పుకోదగ్గ విశేషాలు లేవు’ అన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది.

1199లో సాంచో రాజు ఊరికి హక్కుల పత్రం ఇవ్వడం రాశావు. కోట గురించి రాశావు. అక్కడ పుట్టిన నావికుడు కాబ్రాల్ 1500లో బ్రెజిల్ తీరం చేరి, అదే ప్రయాణంలో మన కాలికట్ దాకా రావడమూ రాశావు. ఊరు వదిలి వెళ్లినవాడికి నాలుగు పేజీలు. ఊళ్లోనే ఉండిపోయినవాళ్లకి ఒక్క లైను: ‘1497లో యూదులు మతం మార్చబడ్డారు.’ ఎవరు మార్చారమ్మా? మానుయెల్ రాజు బలవంతంగా క్రైస్తవంలోకి మార్పించాడు. ఆ మాట నేరుగా రాయి. ఈ ‘బడ్డారు’ మన పత్రికలు అంటించిన జబ్బు. అందులో చేసినవాడు కనిపించకుండా పోతాడు.

1536లో ఇంక్విజిషన్ వచ్చింది. మారినవాళ్లు లోపల్లోపల పాత మతం పాటిస్తున్నారేమోనని పట్టుకుని విచారించే మతకోర్టు అది. 1821 దాకా నడిచింది. అన్నేళ్లూ బెల్మోంతెలో ఆడవాళ్లు, యూదుల విశ్రాంతి దినం మొదలయ్యే శుక్రవారం సాయంత్రం, ఆలివ్ నూనె దీపం వెలిగించి, వెలుగు బయటికి పొక్కకుండా మట్టికుండలో పెట్టేవారు. పుస్తకాల్లేవు, గురువుల్లేవు. ప్రార్థనలు తల్లి నోటి నుంచి కూతురి నోటికి వచ్చాయి.

1917లో శామ్యూల్ ష్వార్జ్ అనే గని ఇంజినీరు, పోలండ్ నుంచి వచ్చిన యూదుడు, వాళ్లని కలిశాడు. వాళ్లు నమ్మలేదు. నువ్వూ మావాడివైతే ఒక ప్రార్థన చెప్పమంది ఒక ముసలావిడ. ఆయన హీబ్రూలో చదివాడు. వాళ్లకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ‘అదొనాయ్’ అన్న దేవుడి పేరు రాగానే మాత్రం ఆడవాళ్లంతా చేతులతో కళ్లు మూసుకున్నారు. ఆ భాషలో వాళ్లకి మిగిలింది ఆ ఒక్క మాటే. నాలుగు వందల ఏళ్ల విశేషం అదే తల్లీ! 1996లో కట్టిన ప్రార్థనా మందిరం కూడా నీ వ్యాసంలో లేదు.

నా ఇరవై ఆరో ఏట మా ఊరి చరిత్ర రాసి ఒక వారపత్రికకి ఇచ్చాను. కరువు ఏడు మా నాయనమ్మ చింతగింజలు వేయించి, దంచి, అంబలి కాచి పదిమందిని బతికించిన సంగతి అందులో రెండు పేజీలు. ఎడిటర్ గారు ఆ రెండు పేజీలూ కొట్టేసి జమీందారు వంశవృక్షం ఉంచారు. వేసినందుకే సంతోషపడి నోరెత్తలేదు. నాయనమ్మ పోయేలోగా మళ్లీ ఆమెని కూర్చోబెట్టి అడగనూ లేదు. ఆ ముప్పై రోజుల అంబలి లెక్క ఇప్పుడు ఎవరికీ తెలియదు.

తేదీలు కొట్టెయ్యమనడం లేదు. ఆ దీపం కుండతో మొదలుపెట్టు. రాజులు ఎక్కడ అవసరమైతే అక్కడికి వాళ్లే వస్తారు. ముందు ఆ శుక్రవారం సాయంత్రం పేజీ ఒక్కటి రాసి పంపు, పండక్కి ముందే.