యూజర్ పాయింటర్‌పై నేరుగా మెమ్‌కాపీ ఎందుకు వాడకూడదు?

లినక్స్ డ్రైవర్ రాస్తూ, రైట్ ఫంక్షన్‌కు వచ్చిన యూజర్ పాయింటర్‌ను (ప్రోగ్రామ్ ఇచ్చిన మెమరీ చిరునామాను) మెమ్‌కాపీతో, అంటే బైట్లను నేరుగా కాపీ చేసే ఫంక్షన్‌తో, చదవవచ్చా అని అడిగారు. వద్దు. ఆ చిరునామా ఇచ్చింది బయటి ప్రోగ్రామ్. అది కెర్నెల్ మెమరీనే చూపిస్తుండవచ్చు, లేదా ఆ పేజీ ఇంకా ర్యామ్‌లోకి రాకపోయి ఉండవచ్చు. దాని బదులు కాపీ_ఫ్రమ్_యూజర్ అనే కెర్నెల్ ఫంక్షన్ వాడండి. అది మొదట చిరునామా యూజర్ పరిధిలోదేనా అని చూస్తుంది. చెడ్డ పేజీ తగిలినా కెర్నెల్‌ను కూలనివ్వదు.

విజయనగరంలో నేను నడిపే ల్యాబ్‌లో విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఈ ఫంక్షన్ తిప్పి ఇచ్చే జవాబు దగ్గర. 100 బైట్లు అడిగితే 0 వచ్చింది, ఏమీ రాలేదని కంగారుపడతారు. అది చెప్పేది కాపీ కాకుండా మిగిలిన బైట్ల లెక్క. 0 అంటే అన్నీ చేరినట్టే. వేరే సంఖ్య వస్తే మైనస్ ఈఫాల్ట్ (చెడ్డ చిరునామా అని చెప్పే ఎర్రర్ కోడ్) తిప్పి పంపండి.

పొడవు మీ బఫర్‌లో పడుతుందో లేదో ముందే చూసుకోండి, ఆ బాధ్యత మీదే. పేజీ కోసం ఈ ఫంక్షన్ నిద్రలోకి వెళ్లవచ్చు కాబట్టి స్పిన్‌లాక్ (పట్టుకున్నంతసేపు నిద్రపోకూడని తాళం) పట్టుకుని మాత్రం పిలవకండి.