ట్విన్ ప్రైమ్, మెర్సెన్ ప్రైమ్ ఇవన్నీ వేరే వేరే రకాలా?

ప్రైమ్ అంటే 1తోనూ తనతోనూ తప్ప దేంతోనూ శేషం లేకుండా భాగించలేని, 1 కన్నా పెద్ద నంబర్, అంతే. ట్విన్, మెర్సెన్, సోఫీ జెర్మైన్ ఇవన్నీ వాటిలోనే గుంపులు, ఒకే నంబర్ రెండు మూడు గుంపుల్లో ఉండొచ్చు. 3నే తీసుకోండి, రెండు కలిపితే 5, అదీ ప్రైమే కాబట్టి ట్విన్, రెట్టింపు చేసి 1 కలిపితే 7, అదీ ప్రైమే కాబట్టి సోఫీ జెర్మైన్, 2 పవర్ 2లోంచి 1 తీసేసినా 3యే కాబట్టి మెర్సెన్ కూడా.

ఎక్కువమంది తికమక పడేది మెర్సెన్ దగ్గరే. 2కి పెట్టే పవర్ ప్రైమ్ అయితే చాలు, 1 తీసేశాక వచ్చే జవాబూ ప్రైమే అనుకుంటారు, కాదండీ. పవర్ 2, 3, 5, 7 పెడితే 3, 7, 31, 127 వస్తాయి, అన్నీ ప్రైమ్‌లే, కానీ 11 పెట్టి చూడండి, 2047 వస్తుంది, అది 23 × 89. పవర్ ప్రైమ్ కాకపోతే మాత్రం జవాబు ఎప్పటికీ ప్రైమ్ కాదు, అది గ్యారంటీ. ఈ ప్రైమ్‌లకు ఎవరి పేరు పెట్టారో ఆ మెర్సెన్ 1644లో ఇచ్చిన లిస్టులోనే పవర్ 67 ఉంది, దానికి వచ్చే జవాబు ప్రైమ్ కాదని 1876లో లూకాస్ అనే గణితవేత్త తేల్చాడు గానీ దేన్ని దేంతో గుణిస్తే వస్తుందో తెలియలేదు, 1903లో కోల్ అనే ఇంకో గణితవేత్త చూపించాడు, 193707721 × 761838257287, కంప్యూటర్ లేకుండా చేతిలెక్కతో, నాకైతే ఇప్పటికీ ఆశ్చర్యమే!

ఇంకోటి, మెర్సెన్ ప్రైమ్ దొరికితే పర్ఫెక్ట్ నంబర్ (తనను వదిలేసి మిగతా భాజకాలన్నీ కూడితే మళ్ళీ తానే వచ్చే నంబర్) కూడా దొరికినట్టే, 7ని 4తో గుణిస్తే 28, 28ని వదిలేసి దాని మిగతా భాజకాలు 1, 2, 4, 7, 14 కూడితే మళ్ళీ 28.