బంగారం వెతికే యాప్, ఓటీపీ చదివే యాప్

ప్రశ్న: భీమిలి బీచ్‌లో మా అమ్మాయి సన్నని బంగారు ఉంగరం పడిపోయింది. సింగిల్ ఫ్రీక్వెన్సీ మెటల్ డిటెక్టర్ సరిపోతుందా, మల్టీ ఫ్రీక్వెన్సీయే కొనాలా? ప్రస్తుతానికి వాట్సాప్ గ్రూపులో వచ్చిన బంగారం కనిపెట్టే యాప్ వేసుకున్నాను. ఎస్సెమ్మెస్ అనుమతి అడిగితే ఇచ్చాను.

జవాబు: ఉంగరం తర్వాత. ముందు ఫోనులో ఇంటర్నెట్ ఆపేయండి, ఆ యాప్ తీసేయండి, వేరే ఫోను నుంచి బ్యాంకు పాస్‌వర్డులు మార్చండి. ఖాతాలో డబ్బు పోయినట్టు కనిపిస్తే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి.

ఇలాంటి ఉత్తరాలు ఆగడం లేదు. ఇసుకలో లోహం వెతికే యాప్‌కు మీ ఎస్సెమ్మెస్‌లతో ఏం పని? ఎస్సెమ్మెస్ చదవగలిగేది ఓటీపీనీ చదువుతుంది. ఫోనులో ఉన్నది దిక్సూచి కోసం పెట్టిన, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మాగ్నెటోమీటర్ మాత్రమే. ఫోనును బల్ల మీద కదలకుండా ఉంచి ఇనుప మేకు దగ్గరకు తెండి, అది చూపే అంకె మారిపోతుంది. బంగారు గాజు తెండి, అంకె అక్కడే ఉంటుంది. బంగారాన్ని అది పట్టుకోలేదు. ఇది తెలిసీ అలాంటి యాప్‌లు తయారుచేసేవాళ్లను మోసగాళ్లనే అంటాను.

ఇక డిటెక్టర్. పెరట్లోనో పొలంలోనో వెతకడానికైతే ఒకసారికి ఒకే ఫ్రీక్వెన్సీ పంపే సింగిల్ చాలు, ధరా తక్కువ. సముద్రపు తడి ఇసుక సంగతి వేరు. ఉప్పునీరు తానే విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. దాని సంకేతం, సన్నని ఉంగరం సంకేతం దాదాపు ఒకేచోట పడతాయి. సింగిల్‌లో ఉప్పునీటి వల్ల వచ్చే తప్పుడు మోత అణచబోతే ఉంగరం కూడా అణగిపోతుంది. పైగా భీమిలి ఇసుకలో ఇల్మెనైట్ లాంటి బరువైన ఖనిజాలున్నాయి. యంత్రాన్ని ఉప్పుకు సరిచేస్తే వాటి దగ్గర లెక్క తప్పి మళ్లీ మోగుతుంది. మల్టీ ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలు పంపి, వాటి స్పందనలను పోల్చి, ఈ రెండు మోతలనూ చాలావరకు వేరుచేస్తుంది. మీకు కావలసింది అదే.

డబ్బా మీద 5, 10, 15 కిలోహెర్ట్జ్ అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి. వాటిలో ఒకటి ఎంచుకుంటే ఆ ఒక్కటే పనిచేసే యంత్రం సింగిలే. దాన్ని మల్టీ అని అమ్మడం అన్యాయం. అన్నీ ఒకేసారి పనిచేస్తాయా అని దుకాణదారుని అడిగి, సమాధానం రాసివ్వమనండి.

ఆటు సమయంలో వెళ్లి, ఇసుకపై వరుసలు గీసుకుని, కాయిల్‌ను, అంటే డిటెక్టర్ కింది గుండ్రని పళ్లేన్ని, నేలకు దగ్గరగా నెమ్మదిగా తిప్పండి. ఒక వరుస మరోదాని మీద సగం పడేలా చూసుకోండి.